బీ అమ్మ – అలీ సోదరులను కన్నతల్లి



ఈ సంవత్సరం సావనీరుకు చరిత్రకు సంబంధించిన వ్యాసం ఒకటి రాసిమ్మని కార్యదర్శి గారు నన్ను అడిగారు. ఏ బాద్షా గురించి రాయాలా, ఏ కోట గురించి రాయాలా అని చాలా రోజులు ఆలోచించాను. నేను బడిపంతులును. ఉర్దూ మీడియంలో చదువుకొని, ఉర్దూ మీడియంలోనే పాఠాలు చెప్పుకుంటున్నవాణ్ణి. నా తెలుగులో తప్పులుంటే పెద్దలు మన్నించాలి.

ఇంతలో జూన్ నెల వచ్చింది. మన స్కాలర్‌షిప్ కమిటీ కూర్చునే నెల అది. ఒకరోజు మిరపకాయల తొడిమలు తీసే పనికి వెళ్ళే ఒక తల్లి తన కూతుర్ని వెంటబెట్టుకొని వచ్చింది. పిల్ల పదో తరగతి మంచి మార్కులతో పాసయ్యింది. అలవాటు కొద్దీ నేను "అబ్బాయి ఏం చదువుతున్నాడమ్మా?" అని అడిగాను. ఆమె కాస్త గట్టిగానే "వాడి సంగతి కాదు సాబ్, దీని సంగతి చూడండి" అన్నది. బురఖా చాటు నుంచి చెయ్యి చాచి కొంత డబ్బు, ఒక చిన్న కాగితం బల్ల మీద పెట్టింది. ఆ కాగితం తాకట్టు చీటీ. పెళ్ళినాటి లచ్ఛా కుదువపెట్టి సగం ఫీజు తెచ్చింది. మిగతా సగం సొసైటీ చూడాలన్నది. ఆడపిల్లకు ఇంకా చదువెందుకని ఇంట్లో బావగారు అడ్డుపడుతున్నారట. ఆయనకు తెలియకుండానే తాకట్టు పెట్టానని చెప్పింది.

ఆ చీటీ చూడగానే నాకు నూరేళ్ళకు పైగా కిందటి ఇంకొక తాకట్టు గుర్తుకొచ్చింది. అది రాంపూర్‌లో జరిగింది. అప్పుడూ ఒక తల్లే. అప్పుడూ నగలే. అప్పుడూ అడ్డుపడింది భర్త తోడబుట్టినవాడే. ఇక ఎవరి గురించి రాయాలో నేను వెతుక్కోనక్కరలేకపోయింది.

ఆ తల్లి పేరు ఆబాదీ బానూ బేగం. దేశమంతా ఆమెను "బీ అమ్మ" అని పిలిచింది. మౌలానా షౌకత్ అలీ, మౌలానా మహమ్మద్ అలీ పేర్లు మనలో చాలామందికి తెలుసు. "అలీ సోదరులు" అని బడి పుస్తకాల్లో చదువుకున్నాం. కాని ఆ సోదరులను సోదరులుగా తయారు చేసిన చేతుల గురించి మనం చెప్పుకునేది చాలా తక్కువ.

బాల్యము, వైధవ్యము

బీ అమ్మ 1850 ప్రాంతంలో ఉత్తర హిందూస్థానంలోని అమ్రోహాలో జన్మించారు. 1857 తిరుగుబాటు నాటికి ఆమె చిన్నపిల్ల. ఢిల్లీ పతనం, దాని తరువాత ముస్లిం కుటుంబాల మీద పడిన కష్టాలు, పెద్దవాళ్ళు గుసగుసలుగా చెప్పుకునే కథలు – వీటి మధ్య పెరిగిన తరం ఆమెది. ఆనాటి షరీఫ్ ఖాన్‌దాన్‌లలో ఆడపిల్లలకు ఇంటిలోనే కొద్దిపాటి మతవిద్య ఉండేది. బడి అనే మాట లేదు. ఆమె చదువు కూడా అంతే.

రాంపూర్ సంస్థానంలో ఉద్యోగం చేస్తున్న అబ్దుల్ అలీ ఖాన్ గారితో ఆమెకు వివాహం జరిగింది. పిల్లలు కలిగారు. షౌకత్ అలీ 1873లో, మహమ్మద్ అలీ 1878 డిసెంబరులో పుట్టారు. 1880లో అబ్దుల్ అలీ ఖాన్ గారు కలరా సోకి చనిపోయారు. అప్పటికి మహమ్మద్ అలీకి రెండేళ్ళు కూడా నిండలేదు. బీ అమ్మకు ముప్పయ్యేళ్ళు. ఇంటినిండా పిల్లలు, నెత్తి మీద భర్త మిగిల్చిపోయిన అప్పులు.

అయినవాళ్ళు మళ్ళీ నికా చేసుకోమన్నారు. అది మన మతంలో తప్పు కాదు, లోకంలో వింత కాదు. కాని ఆమె ఒప్పుకోలేదు. తన ఖర్చు తగ్గించుకొని, మోటుబట్ట కట్టుకొని, పిల్లలే లోకంగా నిలబడిపోయారు. ఖద్దరు కట్టమని దేశంలో ఎవరూ చెప్పని రోజులవి. ఆమె నిరాడంబరత్వానికి ఉద్యమం కారణం కాదు, సంసారం కారణం.

నగలు తాకట్టు పెట్టిన కథ

ఆ కాలంలో ఇంగ్లీషు చదువంటే మనవాళ్ళకు ఎంత భయమో ఇప్పటి పిల్లలకు చెబితే నమ్మరు. సర్ సయ్యద్ అహ్మద్ ఖాన్ గారు 1875లో అలీగఢ్‌లో మదరసా స్థాపించి, 1877లో దానిని కాలేజీ చేసినందుకు ఆయన మీద కుఫ్ర్ ఫత్వాలు కూడా వచ్చాయి. ఇంగ్లీషు నేర్చినవాడు నమాజు మరిచిపోతాడని, దీన్ నుంచి జారిపోతాడని పెద్దల నమ్మకం.

బీ అమ్మ కుటుంబ ఆస్తిపాస్తులు చూసే భర్త సోదరుడు కూడా ఆ నమ్మకం గలవారే. ఇంటిలో ఒక పిల్లవాడు ఇంగ్లీషు బడికి పోయి చెడిపోయింది చాలు, రెండోవాణ్ణి కూడా పంపడానికి డబ్బివ్వనని ఆయన ఖండితంగా చెప్పేశారు. ఆయన దుర్మార్గుడు కాదని మనం గుర్తుపెట్టుకోవాలి. తన బుద్ధికి తోచినంతలో సోదరుని పిల్లల మేలే కోరాడు. మన ఇళ్ళలో అడ్డుపడే పెద్దలు చాలామంది ఇటువంటివారే.

బీ అమ్మ ఆయనతో వాదన పెట్టుకోలేదు. పర్దాలో ఉన్న స్త్రీ, ఆస్తి మీద అధికారం లేని విధవ, వాదించి గెలిచేది లేదు. తనకంటూ ఉన్నవి నగలు. వాటిలో కొన్ని మూటకట్టి, పనిమనిషి చేతికిచ్చి, పొరుగున ఉన్న ఒక హిందూ వడ్డీవ్యాపారి దగ్గర కుదువపెట్టించారు. వచ్చిన డబ్బుతో కొడుకును బరేలీ ఇంగ్లీషు బడికి పంపించారు. విషయం ఇంటిపెద్దకు తెలిసేసరికి పిల్లవాడు బడిలో ఉన్నాడు!

ఈ సంగతి మహమ్మద్ అలీ గారు జైలులో మొదలుపెట్టి ఇంగ్లీషులో రాసుకున్న తన జీవితకథలో చెప్పుకున్నారు. తాను చూసిన గొప్పగొప్పవాళ్ళందరిలోను, చదువురాని తన తల్లి కంటే వివేకం గలవాళ్ళు గాని, దైవభక్తి గలవాళ్ళు గాని తనకు కనబడలేదని అందులోనే రాశారు. ఆక్స్‌ఫర్డు చదివిన మనిషి ఆ మాట రాయడంలో బరువున్నది.

బరేలీ తరువాత అలీగఢ్. షౌకత్ అలీ అక్కడ క్రికెట్ జట్టుకు కెప్టెన్. చదువయ్యాక సర్కారు వారి నల్లమందు శాఖలో ఉద్యోగం సంపాదించారు. మహమ్మద్ అలీ అలహాబాదు యూనివర్సిటీ బి.ఏ.లో మొదటివాడుగా నెగ్గారు. అన్న సంపాదనతోనే తమ్ముడు ఇంగ్లాండు వెళ్ళి ఆక్స్‌ఫర్డులోని లింకన్ కాలేజీలో చరిత్ర చదివారు. తల్లి నగలు అన్నను చదివించాయి, అన్న జీతం తమ్ముణ్ణి చదివించింది. ఇంటిలో ఒక్కరి చదువుకు మొదట ధైర్యం చేస్తే రెండోవాడికి దారి అదే ఏర్పడుతుంది. నేను పాతికేళ్ళుగా బడిలో చూస్తున్న సంగతి కూడా ఇదే.

ఇంకొక మాట. ఇంగ్లీషు చదువుతో కొడుకులు దీన్ మరిచిపోతారని పెద్దలు భయపడ్డారు. జరిగింది తద్విరుద్ధం. ఆ కొడుకులే తరువాత ఖిలాఫత్ కోసం జైళ్ళకు వెళ్ళారు.

ఛింద్వాడాలో జవాబు

మహమ్మద్ అలీ 1911 జనవరిలో కలకత్తా నుంచి "కామ్రేడ్" అనే ఇంగ్లీషు వారపత్రిక ప్రారంభించారు. తరువాత ఢిల్లీకి మారి 1913లో "హమ్‌దర్ద్" అనే ఉర్దూ పత్రిక కూడా నడిపారు. 1914లో మొదటి ప్రపంచ యుద్ధం వచ్చింది. టర్కీ ఇంగ్లీషువారికి శత్రుపక్షంలో చేరింది. టర్కీ సుల్తాను ఖలీఫా కూడా కనుక ఇక్కడి ముసల్మానుల మనసులు కలత చెందాయి. అన్నదమ్ములు నోరు మూసుకొని ఊరుకునే రకం కాదు. 1915 మే నెలలో ప్రభుత్వం వారిని నిర్బంధంలో పెట్టింది. చివరికి మధ్యపరగణాలలోని ఛింద్వాడాకు పంపింది. ముసలితల్లి కూడా అక్కడికి వెళ్ళి కొడుకులతో ఉన్నారు.

1917లో సర్కారు ఒక షరతు పంపింది. ఫలానా విధంగా నడుచుకుంటామని కాగితం మీద సంతకం చేస్తే విడిచిపెడతామన్నది. పోలీసు అధికారి ఆ కాగితం తీసుకొని వచ్చారు. పర్దా వెనుక కూర్చున్న బీ అమ్మ అది విని కలుగజేసుకున్నారు. తన కొడుకులు కష్టాలకు భయపడి దీన్‌కు గాని దేశానికి గాని వ్యతిరేకమైన మాట ఇస్తారని తాను అనుకోవడం లేదని, ఒకవేళ ఇవ్వాలనుకుంటే వణికే ఈ ముసలి చేతులకు వాళ్ళ గొంతు పిసికేటంత బలం అల్లాహ్ ఇస్తాడని ఆమె జవాబు సారాంశం.

మన తల్లులు ఇది చదివి "అమ్మో, అదేం తల్లి!" అనుకోవచ్చు. నేనూ మొదట అలాగే అనుకున్నాను. కాని ఈ మాట అన్నది ఎవరు? ఆ కొడుకుల కోసం యౌవనం, నగలు, సుఖం అన్నీ ధారపోసిన మనిషి. ప్రేమ లేక అన్న మాట కాదు. పెంచిన పెంపకం మీద నమ్మకంతో అన్న మాట.

అదే సంవత్సరం డిసెంబరులో కలకత్తాలో ముస్లిం లీగ్ మహాసభ జరిగింది. నిర్బంధంలో ఉన్న మహమ్మద్ అలీని అధ్యక్షునిగా ఎన్నుకున్నారు. ఆయన రాలేడు గనుక అధ్యక్షుని కుర్చీలో ఆయన ఫోటో పెట్టారు. ఆయన తరఫున బురఖాలో వచ్చి మాట్లాడింది బీ అమ్మ. అదే నెలలో అదే నగరంలో కాంగ్రెస్ మహాసభకు అనీబిసెంట్ గారు అధ్యక్షత వహించారు. పర్దా మనిషి అంత పెద్ద రాజకీయ సభలో గొంతు వినిపించడం ఆనాటివారికి ఎంత కొత్తగా ఉండి ఉంటుందో ఊహించుకోండి.

వాల్తేరు స్టేషనులో అరెస్టు

అన్నదమ్ములు 1919 డిసెంబరులో విడుదలయ్యారు. ఖిలాఫత్ ఉద్యమం, గాంధీజీ సహాయనిరాకరణోద్యమం ఒక్కటై దేశాన్ని ఊపేసిన రోజులు వచ్చాయి. మన తెలుగుదేశానికి కూడా ఈ కథలో గట్టి భాగమే ఉన్నది. 1921లో మార్చి 31, ఏప్రిల్ 1 తేదీలలో బెజవాడలో అఖిల భారత కాంగ్రెస్ కమిటీ కూర్చొని, తిలక్ స్వరాజ్య నిధికి కోటి రూపాయలు, కాంగ్రెస్‌కు కోటి మంది సభ్యులు, దేశంలో ఇరవై లక్షల రాట్నాలు అనే తీర్మానం చేసింది. బీ అమ్మ వంటి పెద్దవారు ఊరూరా తిరిగి విరాళాలడిగింది, ఖద్దరు కట్టమని చెప్పింది ఇటువంటి పిలుపుల కోసమే.

ఆ ఏడు జూలైలో కరాచీ ఖిలాఫత్ సభలో, ఇంగ్లీషు సైన్యంలో కొలువు చేయడం ముసల్మానుకు హరామ్ అని తీర్మానించారు. సెప్టెంబరు 14న గాంధీజీతో కలిసి కలకత్తా నుంచి మద్రాసు వెళ్తున్న మహమ్మద్ అలీని పోలీసులు వాల్తేరు స్టేషనులో అరెస్టు చేశారు. ఇప్పుడు మనం విశాఖపట్నం స్టేషను అంటున్నది దానినే. ఆయన భార్య అమ్జదీ బేగం కూడా ఆ ప్రయాణంలో ఉన్నారు. భర్తను పోలీసులు తీసుకుపోయిన తరువాత ఆమె ఇంటికి తిరిగిపోలేదు. గాంధీజీతో కలిసి ప్రయాణం సాగించారు. అత్తగారి పెంపకం కొడుకులతో ఆగలేదని, కోడలి దాకా వచ్చిందని దీనివల్ల తెలుస్తున్నది.

కరాచీలో విచారణ జరిగింది. అలీ సోదరులతో పాటు మౌలానా హుసేన్ అహ్మద్ మదనీ, డాక్టర్ కిచ్లూ మొదలైనవారు ముద్దాయిలు. శారదాపీఠం స్వామి భారతీకృష్ణ తీర్థ కూడా ఆ బోనులో నిలబడ్డారు. ఆయనను విడిచిపెట్టి, మిగతావారికి 1921 నవంబరు 1న రెండేళ్ళ కఠినశిక్ష విధించారు. కొడుకులతో పాటు ఒక హిందూ పీఠాధిపతి బోనెక్కిన ఆ సంగతి నేటి పిల్లలకు తప్పక చెప్పాలి.

"మీరందరూ నా బిడ్డలే"

ఇద్దరు కొడుకులూ జైలులో ఉన్నారు. తల్లికి డెబ్బయ్యేళ్ళు. మనమైతే తస్బీ పట్టుకొని మూల కూర్చోమ్మా అంటాం. బీ అమ్మ తస్బీ వదలలేదు, మూలనా కూర్చోలేదు. రైళ్ళలో తిరిగారు. సభల్లో మాట్లాడారు. హిందూ ముస్లింలు దేశానికి రెండు కళ్ళన్నట్టు మెలగమన్నారు. కొడుకులిద్దరినీ ఖిలాఫత్‌కు ఇచ్చిన తల్లిగా ఆమె మీద కట్టిన ఉర్దూ పాట వీధివీధినా పాడుకున్నారు.

పంజాబులో ఒక పెద్ద సభలో ఆమె జీవితంలోకెల్లా పెద్ద నిర్ణయం జరిగింది. అంతవరకు బురఖాలోనే మాట్లాడే ఆమె, అక్కడ ముసుగు పైకెత్తి, ఇక్కడున్నవారందరూ నా బిడ్డలే, తల్లికి బిడ్డల ముందు పర్దా ఏమిటనే భావంతో ప్రసంగించారు. దీని మీద మనలో రెండు అభిప్రాయాలుంటాయి. నేను ఆ చర్చ లోపలికి పోను. ఒక్కటి మాత్రం చెబుతాను. ఆమె పర్దాను ఎగతాళి చేయలేదు, దీన్‌ను వదులుకోలేదు. వయసు, తల్లితనం ఇచ్చిన అధికారంతో తన నిర్ణయం తానే తీసుకున్నారు. ఎవరో తీయమంటే తీసింది కాదు, ఎవరో వేయమంటే వేసుకున్నదీ కాదు.

1921 డిసెంబరులో అహమ్మదాబాదులో కాంగ్రెస్ మహాసభ జరిగినప్పుడు అక్కడి అఖిల భారత మహిళల సభకు ఆమె అధ్యక్షత వహించారు. బడి గడప తొక్కని స్త్రీకి ఇది దక్కిన గౌరవం.

అన్నదమ్ములు 1923లో విడుదలయ్యారు. ఆ డిసెంబరులో మన కాకినాడలో జరిగిన కాంగ్రెస్ మహాసభకు మహమ్మద్ అలీయే అధ్యక్షులు. రాంపూర్ విధవరాలు నగలు తాకట్టు పెట్టి నడిపిన సంసారంలోని ఆఖరి కొడుకు గోదావరి జిల్లాలో దేశమంతటికీ పెద్దగా కూర్చున్నాడు. ఆ సభలకే వాలంటీరుగా వచ్చిన పద్నాలుగేళ్ళ దుర్గాబాయి, టిక్కెట్టు లేదని నెహ్రూగారిని ఖద్దరు ప్రదర్శన వాకిట్లో ఆపేసిన కథ తెలుగువారందరికీ తెలిసినదే. ఆడవాళ్ళు ఇంటి గడప దాటి బాధ్యత మోయడం మొదలైన కాలమది. ఆ దారిలో ముందు నడిచినవారిలో బీ అమ్మ ఒకరు.

చివరి సంవత్సరం

1924 ఆమెకు ఆఖరి సంవత్సరం. చాలా చేదు సంవత్సరం. ఏ ఖిలాఫత్ కోసం కొడుకులు జైలుకు వెళ్ళారో ఆ ఖిలాఫత్‌ను మార్చి 3న టర్కీవారే రద్దు చేశారు. మహమ్మద్ అలీ కుమార్తె ఆమినా క్షయతో ఆ సంవత్సరమే కన్నుమూసింది. కొడుకులను దేశానికిచ్చిన నాయనమ్మ, ఎదిగిన మనుమరాలు పోవడం కళ్ళారా చూసింది. దేశంలో హిందూ ముస్లిం కొట్లాటలు పెచ్చుపెరిగాయి. అందుకు ప్రాయశ్చిత్తంగా గాంధీజీ సెప్టెంబరులో ఢిల్లీలో ఇరవయ్యొక్క రోజుల ఉపవాసం పూనారు. దానిని మొదలుపెట్టింది మహమ్మద్ అలీ ఇంటిలోనే.

నవంబరులో బీ అమ్మ అల్లాహ్ సన్నిధికి చేరుకున్నారు. ఆ రాత్రి గాంధీజీ, మన హైదరాబాదు సరోజినీ నాయుడు గారు ఆమె దగ్గరకు వెళ్ళారు. ఆ మృత్యువు వద్ద కనిపించిన ప్రశాంతతను గురించి గాంధీజీ తరువాత తన పత్రికలో రాశారు. ఇన్నా లిల్లాహి వ ఇన్నా ఇలైహి రాజిఊన్.

మహమ్మద్ అలీ 1931 జనవరిలో లండన్‌లో చనిపోయారు. జెరూసలేంలో ఖననం చేశారు. షౌకత్ అలీ 1938లో పోయారు.

మనకు మిగిలినదేమిటి?

ఖిలాఫత్ నిలవలేదు. ఆమె కోరుకున్న హిందూ ముస్లిం ఐక్యత ఆమె కళ్ళముందే బీటలు వారింది. మరి ఆమె బ్రతుకు వృథా అయినట్టేనా? నా విద్యార్థి ఒకడు క్లాసులో ఈ ప్రశ్నే అడిగాడు. అప్పటికప్పుడు జవాబు తోచలేదు. ఇప్పుడు చెబుతాను.

సభలు, తీర్మానాలు కాలంతో పోతాయి. ఉద్యమాలు గెలవవచ్చు, ఓడిపోవచ్చు. కాని పిల్లవాణ్ణి బడికి పంపించిన ఆ ఒక్క నిర్ణయం ఓడిపోలేదు. 1920 అక్టోబరులో జామియా మిల్లియా ఇస్లామియా మొదలైనప్పుడు దానికి మొదటి షేఖుల్ జామియా మహమ్మద్ అలీయే. ఈనాడు అక్కడ వేలమంది చదువుకుంటున్నారు, ఆడపిల్లలతో సహా. తాకట్టుకు వెళ్ళిన నగల విలువ ఇప్పుడు లెక్కకట్టండి!

బీ అమ్మను మనం జెండా పట్టుకున్న మనిషిగా చూస్తాం. అది నిజమే. కాని డెబ్బయ్యేళ్ళప్పుడు సభలో కనబడిన ధైర్యం ఆ రోజు పుట్టినది కాదు. ముప్పయ్యేళ్ళప్పుడు, ఎవరూ చూడని వంటింట్లో, మూట కట్టి పనిమనిషి చేతికిచ్చిన రోజునే అది పుట్టింది. అటువంటి ధైర్యం మన గల్లీల్లో ఇప్పుడూ ఉన్నది. మనం దానిని చూడడం లేదు, అంతే.

మొదట చెప్పిన తల్లి సంగతికి వస్తాను. ఆ రోజు కమిటీలో కొంత చర్చ జరిగింది. నిధి తక్కువగా ఉన్నది, మగపిల్లల అర్జీలు ముందు చూద్దామన్న మాట కూడా వచ్చింది. ఆ మాటకు తల ఊపినవాళ్ళలో నేనూ ఒకణ్ణని దాచకుండా ఒప్పుకుంటున్నాను. తాకట్టు చీటీ బల్ల మీద ఉండగా తల ఊపాను. చివరికి పెద్దలొకరు కలుగజేసుకొని మిగతా ఫీజు ఇప్పించారు. పిల్ల ఇంటర్‌లో చేరింది. కాని ఆమె లచ్ఛా ఇంకా షాపులోనే ఉన్నది, వడ్డీ పెరుగుతూనే ఉన్నది.

కనుక సొసైటీ పెద్దలకు నా మనవి ఒకటే. స్కాలర్‌షిప్‌తో పాటు ఖర్జె హసనా నిధి ఒకటి ఏర్పాటు చేయండి. జూన్ నెలలో ఫీజు కోసం ఏ తల్లీ నగలు తాకట్టు పెట్టనక్కరలేకుండా, వడ్డీ లేకుండా, నెలనెలా తీర్చుకునేటట్టు చిన్న మొత్తాలు ఇద్దాం. మొదటి విరాళంగా నా ఒక నెల జీతం రాసుకోండి. అర్జీ కాగితంలో "కుమారుడు" అన్న చోట "కుమారుడు లేక కుమార్తె" అని అచ్చు వేయించండి. దీనికి పెద్ద ఖర్చేమీ కాదు.

మన ఇళ్ళలో దాదీమాలు, నానీమాలు ఉన్నారు. ఈ పండుగకు పిల్లలందరూ వాళ్ళ దగ్గర కూర్చొని, మమ్మల్ని చదివించడానికి మీరేం అమ్ముకున్నారు, ఎవరితో పోట్లాడారు అని అడగండి. రాసి పెట్టుకోండి. వచ్చే సావనీరులో అచ్చు వేద్దాం. చరిత్ర అంటే అది కూడా.

అల్లాహ్ బీ అమ్మకు, మన తల్లులందరికీ ఉత్తమ ప్రతిఫలం ప్రసాదించుగాక. ఆమీన్.